మూత్రపిండవ్యాధి: ఒక కారణాన్వేషణ

మూత్రపిండములు చెడినవారి రక్తమును యంత్రముచే శుద్ధి చేయు పద్ధతిని 1943లో హాలెండు వైద్యుడు విలెం కాల్ఫ్ ఆరంభించెను. ఈ డయాలిసిస్ వలన రోగి బ్రదుకును. కాని మూత్రపిండములు ఏల చెడినవని అడిగినచో యంత్రము బదులు చెప్పదు. నేడు లోకమున ఎక్కువమంది విషయములో మధుమేహము, రక్తపుపోటు కారణములు. ఈ రెండును లేనిచోట కారణమును వెదకుట యెట్టి పనియో తెలుపు చరిత్ర యొకటి కలదు. దానిని శ్రోతలకు వినిపింపదలచితిమి.

డాన్యూబు ఉపనదుల ఒడ్డున, బల్గేరియా, రుమేనియా, నాటి యుగోస్లావియా పల్లెలలో ఒక వింతవ్యాధి యున్నదని 1950వ దశకమున వైద్యులు వ్రాసిరి. ఒంటికి వాపు రాదు. మూత్రపిండములు మాత్రము ఏండ్ల తరబడి మెల్లగా కుంచించుకొనిపోవును. ఒక ఊర నుండును, ప్రక్క ఊర నుండదు. ఒకే ఇంట తల్లికి, కొడుకునకు, పొరుగూరినుండి వచ్చిన కోడలికిని వచ్చును. కోడలికి వచ్చినదనుటయే మాకు ముఖ్యముగా తోచుచున్నది: వంశముతో పాటు వంటయింటిని గూడ వెదకవలెనని అర్థము గదా! బావినీటిని, లోహములను, ధాన్యపు బూజును శంకించుచు చాలకాలము గడచెను. 1969లో ఇవిచ్ అను పరిశోధకుడు గోధుమచేలలోని అరిస్టొలోకియా అను కలుపుమొక్కను చూపెను. దాని గింజలు ధాన్యముతో కలసి, పిండియై, రొట్టెలో చేరుచున్నవని ఆయన ఊహ. దానిని పట్టించుకొన్నవారు తక్కువ.

1993లో బ్రస్సెల్స్ నగరమున, సన్నబడుటకై మూలికలు పుచ్చుకొన్న స్త్రీలకు మూత్రపిండములు చెడినవని వైద్యులు వ్రాసిరి. ఒక చైనా మూలికకు మారుగా, ఇంచుమించు అదే పేరుగల అరిస్టొలోకియా జాతి మూలిక మందులో చేరినది. వ్యాధిలక్షణములు డాన్యూబు పల్లెలవానిని పోలియున్నవి! 2007లో క్రొయేషియా రోగుల మూత్రపిండకణముల డి.ఎన్.ఎ.పై ఆ మొక్క విషము వదలిన గుర్తులు ప్రకటితమయ్యెను. మన ఈశ్వరి, గాడిదగడప ఈ జాతివే. మూలిక గనుక కీడు చేయదనుకొనువారు తెలిసికొనవలసిన సంగతి యిది.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానములో, కవిటి, సోంపేట ప్రాంతపు కొబ్బరి, జీడితోటల నడుమ, మధుమేహము లేనివారికి సైతము మూత్రపిండములు చెడుచున్నవి. నీటిని, ఎండలోని శ్రమను, పురుగుమందులను, వంశమును శంకించినవారు కలరు. ఏదియు నిర్ధారణ కాలేదు. 2023లో పలాసలో ఆసుపత్రితో పాటు పరిశోధనాకేంద్రము కూడ వెలసినది. నీటి నమూనాలు పెక్కుమార్లు తీసిరి. ముప్పదియేండ్లనాడు ఆ యిండ్లలో ఏమి తినిరో, ఏమి త్రాగిరో చెప్పగల ముసలివారు ఇంకను ఆ పల్లెలలో నున్నారు.