పార్టీ కన్నా ముందు పద్దు చూడాలి

తెలుగు దినపత్రిక చేతికి రాగానే అది ఏ పార్టీదని అడగడం మన పాఠకులకు అలవాటైపోయింది. ఆ ప్రశ్నలో తప్పులేదు, కానీ అదొక్కటే చాలదు. నూరేళ్లు దాటిన మన పత్రికల చరిత్రను వరసగా చూస్తే, పాఠకుణ్ని ఎక్కువ మోసం చేసింది పైకి కనిపించే రాజకీయాభిమానం కాదు, కంటికి కనబడని రాబడి. పత్రిక ఏ పక్షమో తెలిస్తే చదివేవాడు జాగ్రత్త పడతాడు. ఏ వార్త వెనక ఎవరి డబ్బుందో తెలియనప్పుడు మాత్రం ఎంత తెలివైనవాడూ తనను తాను కాపాడుకోలేడు.

కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా తెచ్చారు. దానికి వెన్నుదన్నుగా నిలిచింది 1893లో ఆయన మొదలుపెట్టిన అమృతాంజనం వ్యాపారం. ఆ పత్రిక తటస్థమైనదని ఎవరూ అనలేరు. స్వరాజ్యోద్యమానికీ ఆంధ్రోద్యమానికీ అది బాహాటంగా కొమ్ముకాసింది. దాని యజమాని ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు కూడా వెళ్లారు. అయినా పత్రికను నడిపే సొమ్ము ఎక్కడిదో, అది ఏ పక్షం వహిస్తోందో రెండూ లోకానికి తెలుసు. మందు అమ్మి సంపాదించిన డబ్బు పత్రికకు పెట్టారే గానీ, పత్రికలో వార్తను అమ్మి డబ్బు చేసుకోలేదు.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు పుట్టడంతో మరో దశ మొదలైంది. అప్పటిదాకా ఉత్తరాంధ్రకు పత్రికలు విజయవాడ నుంచి ఆలస్యంగా చేరేవి. ఈనాడు వ్యవస్థాపకుడు రామోజీరావు తెల్లవారకముందే పేపరు గుమ్మంలో పడేలా చేశారు. 1989లో వచ్చిన జిల్లా అనుబంధాలు మండలం వార్తకూ ఊరి దుకాణం ప్రకటనకూ ఒకేసారి చోటిచ్చాయి. ఈ వ్యాపారబుద్ధిని తేలిగ్గా తీసిపారేయకూడదు. అంతకుముందు పత్రికకెక్కని పల్లెలు పత్రికకెక్కింది దీనివల్లే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల సారా వ్యతిరేక పోరాటం రాష్ట్రమంతా పాకడానికి ఈనాడు రోజూ ఇచ్చిన చోటు పెద్ద కారణం. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. ఊరి పాఠకుడి కోసం వెతికిన పత్రికే ఊరి ఆడవాళ్ల గొంతునూ వినిపించింది.

అయితే తెలుగు పత్రికలు పచ్చిగా రాజకీయమైనవే కదా, వాటి పోకడను వ్యాపారం కింద ఎలా జమకడతామని ఎవరైనా అడగవచ్చు. 1982లో తెలుగుదేశం పుట్టినప్పుడు ఈనాడు ఎన్టీ రామారావు వెంట నిలిచిన మాట నిజం. 2008లో సాక్షి పత్రిక అప్పటి ముఖ్యమంత్రి కుటుంబం నుంచే వచ్చింది. కానీ ఈనాడు మద్దతును రాజకీయంతోనే వివరిస్తే సగం కథ మిగిలిపోతుంది. 1978 నుంచి 1983 జనవరి వరకు కాంగ్రెస్ నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. ఆ మార్పులపై జనంలో కోపం అప్పటికే ఉంది. దాన్ని అచ్చువేసిన పత్రికకు పాఠకులు పెరిగారు. ఇక్కడ అభిమానమూ లాభమూ ఒకే దారిలో నడిచాయి. అధికారం కూడా ఈ లెక్క నేర్చుకుంది. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లకు పేపరు కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు మంజూరు చేసింది. అది సాక్షి అమ్మకాలు పెంచడానికేనని ఈనాడు సంస్థ కోర్టుకెక్కింది. ఆ గొడవలో రాజకీయం తన పని సాధించుకోవడానికి ఎంచుకున్న దారి సంపాదకీయం కాదు, సర్క్యులేషన్.

రాబడి మాటున ఎంత హాని జరగగలదో 2009 ఎన్నికలు చూపించాయి. జిల్లా పేజీలను నింపే కంట్రిబ్యూటర్లు చాలామంది అచ్చయిన వరుసల లెక్కన డబ్బిచ్చే లైన్ అకౌంట్ మీద బతికేవాళ్లు. వార్తలు రాసిన చేత్తోనే ప్రకటనలూ సేకరించాల్సి వచ్చేది. ఈ ఏర్పాటులోకి ఎన్నికల ప్యాకేజీ సులువుగా చొరబడింది. డబ్బు కట్టిన అభ్యర్థి గెలుపు ఖాయమని వార్తలొచ్చాయి, కట్టనివాడి పేరే కనబడలేదు. ఒకే సీటుకు పోటీపడిన ఇద్దరినీ పొగిడిన కథనాలు ఒకే పత్రికలో దేశంలో పలుచోట్ల అచ్చయ్యాయి. పక్షపాతమే అసలు జబ్బయితే ఇది జరగదు. పక్షమున్నవాడు ఒకరినే గెలిపిస్తాడు. దీనిపై ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం సభ్యులుగా పాత్రికేయుడు పరంజయ్ గుహా ఠాకుర్తా, తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి 2010లో 71 పేజీల నివేదిక ఇస్తే, ప్రెస్ కౌన్సిల్ దాన్ని పక్కనపెట్టి చిన్న నివేదికతో సరిపెట్టింది. 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే పూర్తి పాఠాన్ని బయటపెట్టింది.

పత్రికలు లాభం చూసుకోకూడదని దీని అర్థం కాదు. నష్టాల్లో మునిగిన పత్రిక ఎవరు చేయందిస్తే వారికి లొంగుతుంది. కావలసింది వెల్లడి. ప్రభుత్వ ప్రకటనల కింద ఏ పత్రికకు ఎంత ముట్టిందో ఏటా ప్రకటించాలి. డబ్బు తీసుకుని వేసినదాన్ని ప్రకటన అని స్పష్టంగా ముద్రించాలి. విలేకరికి ప్రకటనల లక్ష్యాలు పెట్టకుండా బతకదగిన జీతమివ్వాలి. పాఠకుడు కూడా పత్రిక రంగుతో పాటు దాని రాబడి లెక్కనూ అడగాలి. ఆ లెక్క చెప్పలేని పత్రిక ఎంత తటస్థంగా కనిపించినా నమ్మదగింది కాదు.