గాలికి దారి చూపిన రేకు

మా అమ్మమ్మగారింట్లో పొగరాని పొయ్యి కట్టించిన వేసవి నాకు బాగా గుర్తు. పొద్దుటిపూట పొగంతా బుద్ధిగా గొట్టంలోంచి పైకి పోయేది. మధ్యాహ్నం పడమటి గాలి లేచిందంటే చాలు, అదే పొగ వెనక్కి తిరిగి వంటింట్లోకి దిగేది. అమ్మమ్మ దగ్గుతూ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ వసారాలోకి వచ్చేది. ఇంటికి పడమట పక్కనే ఎత్తయిన డాబా ఉండేది. చివరికి తాపీమేస్త్రి వచ్చి చూసి, నూనె డబ్బా రేకును గుండ్రంగా కత్తిరించి, మూడు కాళ్లు పెట్టి, గొట్టం మూతికి బెత్తెడు ఎత్తున టోపీలా బిగించాడు. ఆ తర్వాత పొగ వెనక్కి రావడం చాలావరకు తగ్గింది.

సరిగ్గా ఇదే చిక్కు గురించి 1785 ఆగస్టులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఓడలో కూర్చుని పెద్ద ఉత్తరం రాశాడు. అప్పటికి ఆయన వయసు 79. ఫ్రాన్స్‌లో దౌత్యం ముగించుకుని అమెరికాకు తిరిగి వెళ్తున్నాడు. ఉత్తరం వియన్నాలో చక్రవర్తి ఆస్థాన వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌస్‌కు. మొక్కలు ప్రాణవాయువు వదలాలంటే ఎండ కావాలని తేల్చినవాడు ఈయనే. ఒక దేశపు పుట్టుకలో పాలుపంచుకున్న మనిషి, ఇంటికి వెళ్లే దారిలో, పొగగొట్టాలు ఎందుకు పొగ కక్కుతాయో వివరిస్తూ పేజీలకు పేజీలు నింపాడు. ఆ ఓపికను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పొగ వెనక్కి రావడానికి ఆయన తొమ్మిది కారణాలు చెప్పాడు. అందులో ఒకటి అచ్చం మా అమ్మమ్మ ఇంటి కథ. పక్కన ఎత్తయిన భవనమో కొండో ఉంటే, దాన్ని దాటి వచ్చే గాలి ఆనకట్ట మీంచి దూకే నీళ్లలా కిందికి పడి, గొట్టంలో పొగను అణిచేస్తుంది. దానికి ఆయన చెప్పిన మందు తిరుగుడు టోపీ. పైనా మూడు పక్కలా రేకు మూసి ఉంటుంది, నాలుగో పక్క తెరిచి ఉంటుంది. నిలువు ఇరుసు మీద తిరుగుతుంది. దానికి గాలిమర తోక ఉంటుంది కాబట్టి గాలి ఎటు నుంచి వచ్చినా టోపీ వీపు అటే, తెరిచిన మూతి అవతలికే. అన్నిచోట్లా పనిచేస్తుందని మాత్రం పూచీ ఇవ్వలేనని ఆయనే రాసిపెట్టాడు. ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో బీరులో వాడే హాప్ పూలు ఆరబెట్టే బట్టీల నెత్తిన ఇలాంటివే తెల్లటి చెక్క టోపీలు, గాలికి అనుగుణంగా తిరిగేవి, ఇప్పటికీ కనిపిస్తాయి.

టోపీ చేసే పని రెండు రకాలు. మీద పడే గాలికి అడ్డం నిలుస్తుంది. అది అందరికీ కనబడేదే. రెండోది కంటికి కనబడదు. రేకు చుట్టూ ఒరుసుకుంటూ పోయే గాలి వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగినచోట ఒత్తిడి తగ్గుతుంది. ఆ తగ్గిన ఒత్తిడి గొట్టంలోని పొగను పైకి లాగుతుంది. అంటే పొగను అణిచిన గాలి చేతే పొగను లాగించడం.

మన దగ్గర ఈ కథకు హైదరాబాదులో ఒక మంచి అధ్యాయం ఉంది. హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనశాలకు చెందిన ఎస్.పి. రాజు పల్లె వంటింటి మట్టి పొయ్యిని ఇంజినీరు కళ్లతో చూసి, ఒకే మంట మీద వరసగా కుండలు కాగేలా, పొగ గొట్టంలోకి మళ్లేలా రూపం ఇచ్చాడు. 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే చిన్న పుస్తకం రాశాడు. ఆ పరిశోధనశాల ఇంగ్లీషు పొడి అక్షరాలతో హెర్ల్ చుల్హాగా పేరుపడిన ఆ పొయ్యి, తర్వాత దేశంలో వచ్చిన పొగరాని పొయ్యిల పథకాలకు ముందు నడిచినవాటిలో ఒకటి. ఇంజినీరు అంటే ఆనకట్టలూ వంతెనలే గుర్తొచ్చే రోజుల్లో ఆయన ఆడవాళ్ల కళ్ల మంట గురించి ఆలోచించాడు. మనం ఆ పేరు ఇంతగా మరచిపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక పొగగొట్టం చక్రాలెక్కితే? ఆవిరి ఇంజన్ల బాయిలర్లు పెద్దవవుతున్నకొద్దీ, వంతెనల కింద పట్టాలి కాబట్టి గొట్టాలు పొట్టివయ్యాయి. పొగ పైకి లేవక బాయిలర్‌ను అంటుకునే పాకి డ్రైవరు కిటికీకి అడ్డం పడేది. 1931 మార్చి 22న ఇంగ్లండ్‌లోని లైటన్ బజర్డ్ దగ్గర రాయల్ స్కాట్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. పక్క లైను మీదికి మళ్లించిన బండి, నెమ్మదించాల్సినచోట జోరుగా పోయింది. ఆరుగురు చనిపోయారు. డ్రైవరుకు సిగ్నల్ కనబడకపోవడానికి కిందికి వాలిన పొగే కారణమై ఉండొచ్చని అనుమానం. ఆ తర్వాత ఆ బండిని లాగిన తరగతి ఇంజన్లకు, ముందుభాగంలోని పొగపెట్టెకు రెండు పక్కలా నిలువు రేకులు బిగించారు. అవి ఎదురుగాలిని దోసిట పట్టినట్టు పట్టి పైకి తోస్తాయి, ఆ గాలితో పాటే పొగ లేస్తుంది. అమెరికా రైల్వేవాళ్లు వాటిని ఏనుగు చెవులు అన్నారు.

లారీకి వచ్చేసరికి పొగ లేదు, గాలి ఒక్కటే. పొట్టి క్యాబిన్ వెనక ఎత్తయిన కంటెయినర్, దాని ముఖం గోడలా చదును. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది, డీజిలు దానికే పోతుంది. అమెరికాలో వాల్టర్ సెల్డన్ సాండర్స్ క్యాబిన్ పైకప్పు మీద వంపు తిరిగిన పలక బిగించే పద్ధతికి 1967లో పేటెంటు పొందాడు. పలక కంటెయినర్ ముఖాన్ని పూర్తిగా కప్పదు. అది గాలిని పైకీ పక్కలకూ విసిరితే, ఆ గాలి కంటెయినర్ ముందు అంచులను తప్పించుకుని, వెనకగా దాని కప్పు మీదా పక్కల మీదా మెత్తగా వాలుతుంది. ఈ పేటెంటు మీద ఒక పెద్ద కంపెనీకీ ఆ పలకను అమ్మే చిన్న కంపెనీకీ నడిచిన వ్యాజ్యం ఏళ్ల తరబడి సాగింది.

1973లో కాలిఫోర్నియా ఎడారిలో నాసా ఇంజినీరు ఎడ్విన్ సాల్ట్జ్‌మన్ సైకిలు మీద ఆఫీసుకు వెళ్తూ ఒక సంగతి గమనించాడు. వెనకనుంచి లారీ వచ్చి దాటేటప్పుడు ముందు తనను రోడ్డు పక్క తుప్పల్లోకి తోస్తోంది, దాటిపోగానే రోడ్డు మీదికి లాగుతోంది. ఆ తోపుకూ ఆ లాగుడుకూ ఖర్చయ్యేది లారీ ఇంధనమే కదా అనుకున్నాడు. ఆయన బృందం పాత ఫోర్డ్ వ్యానుకు అల్యూమినియం రేకులు తొడిగి చెప్పుల పెట్టెలా నలుచదరం చేసింది. వేగం అందుకున్నాక ఇంజను లాగకుండా వదిలేసి, బండి ఎంతసేపటికి నెమ్మదిస్తుందో కొలిచింది. తర్వాత మూలలన్నీ గుండ్రం చేసి మళ్లీ కొలిస్తే గాలి అడ్డు సగానికి పైగా పడిపోయింది.

ఇప్పుడు విజయవాడ మీదుగా పోయే హైవే పక్కన టీకొట్టు దగ్గర నిలబడితే ఈ పలకలు చాలా లారీల నెత్తిన కనిపిస్తాయి. ఒకసారి పలక పై అంచునీ వెనక కంటెయినర్ పై అంచునీ కలిపి చూడండి. కొన్ని లారీల్లో రెండూ చక్కగా కుదిరి ఉంటాయి. మరికొన్నింట్లో పలక మోకాలెత్తు, వెనక టార్పాలిన్ కట్టిన సరుకు దాన్ని దాటి నిలువెత్తు. అక్కడ గాలి పలకను దాటి వచ్చి మళ్లీ గోడకే కొట్టుకుంటుంది. ఇంకొన్నింట్లో పలక వెనక ఖాళీ తొట్టి, గాలికి కొత్త అడ్డు ఆ పలకే. మా మేస్త్రి మాత్రం టోపీ బిగించే ముందు నిచ్చెన మీద నిలబడి, గాలి ఎటు వీస్తోందో, డాబా గోడ ఎంతెత్తుందో చాలాసేపు చూశాడు.