సాల్మన్ పునరుద్ధరణలో స్థానిక ప్రభుత్వాల భూవినియోగ ప్రణాళిక పాత్ర: ప్యూజెట్ సౌండ్ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికా సంయుక్త రాష్ట్రాల వాయవ్య మూలనున్న వాషింగ్టన్ రాష్ట్రంలో, ప్యూజెట్ సౌండ్ నదులకు చెందిన చినూక్ సాల్మన్‌ను సమాఖ్య ప్రభుత్వం 1999లో ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించింది. ఆ చేపను రక్షించే చట్టం సమాఖ్యది. అది గుడ్లు పెట్టే ఏటి ఒడ్డున ఎంత మేర చెట్లు నరకవచ్చో, ఎక్కడ ఇళ్లు కట్టవచ్చో నిర్ణయించే అధికారం కౌంటీలది, నగరపాలక సంస్థలది. ఈ రెండు అధికారాల నడుమ సంబంధం ఎలా ఏర్పడింది, అది ఎంతవరకు ఫలించింది, ఎక్కడ ఆగిపోయింది అన్న విషయాలను ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: సాల్మన్, భూవినియోగం, స్థానిక ప్రభుత్వాలు, ప్యూజెట్ సౌండ్, సున్నిత ప్రాంతాలు, ఆదివాసీ ఒప్పందాలు.

1. ఉపోద్ఘాతం:
సాల్మన్ మంచినీటి ఏటిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తిరిగి ఏటికి ఎదురీదే చేప. గోదావరికి ఎదురెక్కే పులసను ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ జీవనక్రమం కొత్తది కాదు. అయితే పసిఫిక్ సాల్మన్ జాతుల్లో చినూక్, కోహో వంటివి ఒక్కసారే గుడ్లు పెట్టి మరణిస్తాయి. వాటి గుడ్లు గులకరాళ్ల సందుల్లో పొదుగుతాయి. ఆ సందుల్లోకి చల్లని, తేట నీరు నిరంతరం పారాలి. గట్టున చెట్లు పోతే నీరు వేడెక్కుతుంది. మన్ను కోసుకుపోయి వస్తే గులకరాళ్ల సందులు పూడుకుపోతాయి. నేల సిమెంటుతో, తారుతో కప్పబడితే వాననీరు ఇంకక, ఒక్కసారిగా వరదై వచ్చి గుడ్లను కొట్టుకుపోతుంది. కాబట్టి నీటిలోని చేప భవితవ్యం చాలావరకు నేలపై జరిగే నిర్ణయాలపై ఆధారపడి ఉంటుంది.

సాల్మన్ క్షీణతకు అతివేట, చేపపిల్లల ఉత్పత్తి కేంద్రాల ప్రభావం, జలవిద్యుత్ ఆనకట్టలు, ఆవాస నష్టం అనే నాలుగు కారణాలను చెప్పడం అక్కడి చర్చల్లో పరిపాటి. వీటిలో మొదటి మూడింటిని ప్రధానంగా సమాఖ్య, రాష్ట్ర సంస్థలు, ఆదివాసీ ప్రభుత్వాలు నియంత్రిస్తాయి. నాల్గవదైన ఆవాసం మాత్రం వేలాది ప్రైవేటు స్థలాలలో విస్తరించి ఉంది. అందువల్ల అది స్థానిక ప్రభుత్వాల పరిధిలోకి వస్తుంది.

2. ఒప్పందాల నేపథ్యం:
ఈ చరిత్ర ఆధునిక పర్యావరణ చట్టాలతో మొదలు కాలేదు. 1854 డిసెంబరులో మెడిసిన్ క్రీక్ వద్ద, 1855 జనవరిలో పాయింట్ ఎలియట్ వద్ద గవర్నర్ ఐజాక్ స్టీవెన్స్ ఆదివాసీ తెగలతో ఒప్పందాలు చేసుకున్నాడు. తెగలు తమ భూమిలో అత్యధిక భాగాన్ని వదులుకున్నాయి. అలవాటుగా చేపలు పట్టే తావుల్లో ఆ హక్కును మాత్రం నిలుపుకున్నాయి. భూమిని ఇచ్చి చేపను ఉంచుకున్న ఈ ఒడంబడికలో ఒక చిక్కు దాగి ఉంది. చేప బతుకు ఆ ఇచ్చివేసిన భూమిపైనే ఆధారపడి ఉంది.

1974 ఫిబ్రవరి 12న న్యాయమూర్తి జార్జ్ బోల్ట్ ఇచ్చిన తీర్పు, ఆ తావులకు వచ్చే పట్టదగిన చేపల్లో సగం వాటా తెగలదని స్పష్టం చేసింది. 1979లో సుప్రీంకోర్టు దానిని ప్రధానంగా సమర్థించింది. వాటా తేలింది కాని, చేపలు తగ్గుతూ పోతే సగానికి అర్థమేమిటన్న ప్రశ్న మిగిలింది. 1980లో సమాఖ్య జిల్లా న్యాయస్థానం ఆవాస రక్షణ కూడా ఒప్పంద హక్కులో భాగమేనని చెప్పినా, 1985లో అప్పీలు న్యాయస్థానం ఆ విస్తృత ప్రకటనను పక్కనపెట్టింది. ఆ విధంగా ఆవాస సమస్య భూవినియోగ చట్టాల వైపు మళ్లింది.

3. భూవినియోగ చట్టాల రూపకల్పన:
వాషింగ్టన్ శాసనసభ 1971లో తీరప్రాంత నిర్వహణ చట్టాన్ని చేసింది. 1972లో ఓటర్లు దానిని ఆమోదించారు. సముద్రతీరానికి, పెద్ద సరస్సులకు, నదులకు 200 అడుగుల లోపు భూమి దీని పరిధిలోకి వచ్చింది. తీరప్రణాళికను రాసేది స్థానిక ప్రభుత్వం, ఆమోదించేది రాష్ట్రం. ఈ పద్ధతి ఆ తర్వాతి చట్టాలకు ఒరవడి అయింది.

1990లో వచ్చిన అభివృద్ధి నిర్వహణ చట్టం మరింత విస్తృతమైనది. వేగంగా పెరిగే కౌంటీలు పట్టణాభివృద్ధికి హద్దులు గీసుకోవాలని, ఆ హద్దు బయట పట్టణ స్థాయి నిర్మాణాలను అనుమతించరాదని అది నిర్దేశించింది. చిత్తడి నేలలు, భూగర్భజలం ఇంకే చోట్లు, తరచూ ముంపునకు గురయ్యే తావులు, కొండచరియలు విరిగే ప్రమాదమున్న నేలలు, చేపలూ వన్యప్రాణుల ఆవాసాలు అనే ఐదింటిని సున్నిత ప్రాంతాలుగా గుర్తించి రక్షించే బాధ్యతను ప్రతి కౌంటీపైనా, నగరంపైనా పెట్టింది. 1995లో చేర్చిన సవరణ సాల్మన్ చరిత్రలో కీలకమైనది. దాని ప్రకారం, ఆ నియమాలు రాసేటప్పుడు అందుబాటులోని ఉత్తమ శాస్త్రజ్ఞానాన్ని ఉపయోగించాలి. సముద్రం నుండి ఏటికి వలసవచ్చే చేపల సంరక్షణకు ప్రత్యేక ప్రాధాన్యమివ్వాలి. చినూక్ జాబితాకెక్కడానికి నాలుగేళ్ల ముందే స్థానిక ప్రణాళికలో సాల్మన్‌కు ఈ విధంగా చోటు దొరికింది.

4. 1999 అనంతర పరిణామాలు:
1999 మార్చిలో ప్యూజెట్ సౌండ్ చినూక్‌ను ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించడంతో, సియాటిల్ వంటి మహానగరపు పరిధి కూడా ఈ రక్షణ చట్టం కిందికి వచ్చింది. 2000లో సమాఖ్య మత్స్యసంస్థ వెలువరించిన నియమావళి చేపకు హాని కలిగించే చర్యలను నిషేధిస్తూనే, తగిన ప్రమాణాలు పాటించే స్థానిక అభివృద్ధి నియమాలకు మినహాయింపు మార్గం చూపింది.

రాష్ట్రం 1998లోనే సాల్మన్ పునరుద్ధరణ చట్టాన్ని చేసి, పరీవాహక ప్రాంతాన్ని పని ప్రమాణంగా స్వీకరించింది. ఏరు నగరపు హద్దును పాటించదు కనుక, ఒకే పరీవాహక ప్రాంతంలోని కౌంటీలు, నగరాలు, తెగలు కలిసి ప్రణాళికలు రాశాయి. ఈ ప్రణాళికలను కూర్చిన ఉమ్మడి ప్రయత్నానికి అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ తొలి అధిపతి విలియం రకెల్స్‌హౌస్ నాయకత్వం తోడైంది. వాటి ఆధారంగా రూపొందిన పునరుద్ధరణ ప్రణాళికను సమాఖ్య మత్స్యసంస్థ 2007 జనవరిలో స్వీకరించింది. మిగిలి ఉన్న ఆవాసాన్ని స్థానిక నియమాలు కాపాడుతాయి, పోయినదాన్ని నిధులు తిరిగి తెస్తాయి అన్నది ఆ ప్రణాళిక మూల భావన. ఇందులో మొదటి సగం నిలవకపోతే రెండవ సగానికి విలువ లేదు.

5. న్యాయస్థానాల ముందు స్థానిక నియమాలు:
ఆ మొదటి సగానికి పరీక్ష త్వరలోనే ఎదురైంది. పరీవాహక ప్రాంతంలో సుమారు 65 శాతం అడవి నిలిచి ఉంటే ఏటి ప్రవాహం సహజస్థితికి దగ్గరగా ఉంటుందన్న జలశాస్త్ర అవగాహనను అనుసరించి, కింగ్ కౌంటీ 2004లో గ్రామీణ మండలాల్లో చెట్లు తొలగించడంపై పరిమితి విధించింది. ఐదెకరాలు మించిన స్థలంలో యజమాని 35 శాతం మాత్రమే చదును చేసుకోవచ్చు. నగరాలు తమ అడవిని ఏనాడో నరికివేసుకున్నాయి. మిగిలిన చెట్ల భారమంతా తమపైనే మోపారన్నది గ్రామీణ యజమానుల ఆవేదన. దానిని తేలికగా కొట్టివేయలేం. 2008లో రాష్ట్ర అప్పీలు న్యాయస్థానం ఈ పరిమితిని కొట్టివేసింది. ఒక్కొక్క స్థలంలో జరిగే నిర్మాణ ప్రభావానికి తగిన నిష్పత్తిలో ఆంక్ష ఉన్నదని కౌంటీ నిరూపించలేదని పేర్కొంది.

మరొకటి స్కాజిట్ కౌంటీ వివాదం. సాగులో ఉన్న పొలాల గుండా పారే ఏళ్ల వెంట చెట్ల పట్టీలను తప్పనిసరి చేయాలని స్వినోమిష్ తెగ కోరింది. 2007లో రాష్ట్ర సుప్రీంకోర్టు, చట్టం కోరేది ఉన్న స్థితికి హాని జరగకుండా చూడడమే తప్ప, ఎప్పుడో పోయినదాన్ని మెరుగుపరచడం కాదని తీర్పునిచ్చింది.

ఈ రెండు తీర్పులను కలిపి చదివితే స్థానిక ప్రణాళిక హద్దులు తెలుస్తాయి. శాస్త్రం పరీవాహక ప్రాంతం మొత్తాన్ని ఒకటిగా చూస్తుంది. న్యాయం ఒక్కొక్క స్థలాన్ని విడిగా చూస్తుంది. పునరుద్ధరణ అన్న మాట గతాన్ని కోరుతుంది. చట్టం వర్తమానాన్ని మాత్రమే కాపాడుతుంది.

6. సాధించినవి, సాధించలేనివి:
రైతుల విషయంలో రాజీగా 2011లో స్వచ్ఛంద సంరక్షణ కార్యక్రమం చట్టరూపం దాల్చింది. దానిలో చేరిన కౌంటీలు ఆంక్షలకు బదులు ప్రోత్సాహకాల ద్వారా ఆవాసాన్ని కాపాడవచ్చు. అదే ఏడాది పశ్చిమ వాషింగ్టన్ తెగలు, ఆవాసం బాగుపడే వేగం కంటే పోయే వేగమే ఎక్కువగా ఉందని, తమ ఒప్పంద హక్కులే ప్రమాదంలో పడ్డాయని సమాఖ్య ప్రభుత్వానికి నివేదించాయి. ఏటి గట్ల వెంట చెట్ల పట్టీలను తప్పనిసరి చేసే ప్రతిపాదన 2022లో శాసనసభ ముందుకు వచ్చినా చట్టం కాలేదు.

రోడ్ల కింది తూముల వివాదంలో మాత్రం ఒప్పంద హక్కు గెలిచింది. చేపలకు అడ్డుపడే రాష్ట్ర ప్రభుత్వ తూములను మార్చాలన్న ఆదేశం 2018లో సుప్రీంకోర్టులో 4–4గా న్యాయమూర్తులు చీలడంతో నిలిచింది. ఆ ఆదేశం కౌంటీల, నగరాల తూములకు నేరుగా వర్తించదు. అదే ఏటిపై రాష్ట్రపు తూము తెరుచుకున్నా, దాని పైనున్న నగరపు తూము మూసుకునే ఉంటే చేపకు ఒరిగేదేమీ లేదు. 2020లో టైర్ల రబ్బరు నుండి పుట్టే ఒక రసాయనం వాననీటితో ఏళ్లలో చేరి కోహో సాల్మన్‌ను చంపుతున్నదని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. దీనితో గట్టు నుండి ఎంత దూరం వదలాలన్న ప్రశ్నకు, రోడ్డుపై పడిన వాన ఎటు పోవాలన్న ప్రశ్న తోడైంది.

7. ముగింపు:
• ప్యూజెట్ సౌండ్‌లో సాల్మన్ రక్షణ సమాఖ్య చట్టంగా ప్రకటితమైనా, ఆచరణలో అది కౌంటీ అనుమతి పత్రాల మీదుగానే నడిచింది.
• స్థానిక భూవినియోగ ప్రణాళిక మిగిలి ఉన్న ఆవాసం పోకుండా కొంతవరకు ఆపగలిగింది. పోయినదాన్ని తిరిగి తెచ్చే అధికారాన్ని చట్టం దానికి ఇవ్వలేదు.
• రక్షణ భారం పట్టణానికీ పల్లెకూ మధ్య న్యాయంగా పంచబడనప్పుడు, శాస్త్రబద్ధమైన నియమం సైతం న్యాయస్థానంలోనూ ప్రజాభిప్రాయంలోనూ నిలవడం కష్టమైంది.
• 1854–55 ఒప్పందాల్లో తెగలకు దక్కిన హామీ చేపలు పట్టే హక్కు. పట్టడానికి చేప ఉండాలంటే ఇచ్చివేసిన భూమిపై జరిగే ప్రతి చిన్న నిర్ణయమూ ఆ హామీని గుర్తుంచుకోవాలి. ఆ గుర్తింపు స్థానిక ప్రణాళికల్లో ఎంత బలంగా ఉన్నదన్నదే సాల్మన్ పునరుద్ధరణ చరిత్రకు అసలైన కొలమానం.