రంగం ఓడ

భోగాపురమునకు సముద్రము కలదు, రేవు లేదు. విశాఖపట్టణమునుండి శ్రీకాకుళమునకు జాతీయ రహదారిమీద పోవువారికి ఈ ఊరు దాటునప్పుడు ఉప్పుగాలి తగులును గాని, ఆ గాలివాటమును బట్టి తూర్పునకు నడచి ముక్కాము, చేపలకంచేరు మొదలగు పల్లెల యొడ్డున నిలిచి చూచినచో ఇసుకయు, పడవలును, విరిగిపడు కెరటములును తప్ప ఓడ తలదాచుకొనదగిన మరుగేదియు కానరాదు. ఉత్తరమున చంపావతి సాగరసంగమమైన కోనాడయు, దక్షిణమున గోస్తనీ ముఖమున వెలసిన భీమునిపట్టణమును ఈ సీమకు రెండు వాకిళ్ళు. మన కథ నడచినది రెండవ వాకిటినుండి.

కొడుకో కూతురో తీసియిచ్చిన టిక్కెట్టుతో బార్సిలోనాలో పెద్ద విహారనౌక నెక్కి, మధ్యధరా సముద్రతీరములు చూచి వచ్చి, ఛాయాచిత్రములను బంధువులకు చూపు దంపతులు నేడు ఈ జిల్లాలలో అరుదు కారు. తమ వంశమున ఓడ నెక్కిన మొదటివారు తామే యని వారు తలచుటయు కద్దు. ఆ మాటకు ముందు ముత్తాత ఊసు ఎత్తి, ‘రంగం’ అను పదము ఇంటిలో ఎప్పుడైన వినబడినదా యని అడిగి చూడవలెను.

రంగమనగా రంగూను. 1852లో దిగువ బర్మా ఇంగ్లీషువారి వశమయ్యెను. 1869లో సూయజు కాలువ తెరవబడి మధ్యధరా సముద్రము ఎఱ్ఱసముద్రముతో కలిసిన పిమ్మట, ఐరావతీ డెల్టాలో పండు బియ్యమునకు ఐరోపా బజారు చేరువ యయ్యెను. అడవి నరికి వరి వేసిరి. రంగూనులో బియ్యపు మరలు లేచెను. బస్తా మోయుటకు, ఓడ నింపుటకు మనుష్యులు కావలసి వచ్చిరి. ఎక్కడో త్రవ్విన కాలువ, వాన పడిననే గాని పంట చేతికి రాని మన చోడిచేలలోని కూలీవానిని సముద్రము దాటించినది. గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాలనుండి పోయిన ఆ తెలుగువారి నందరిని, గోదావరి పాయమీది కోరంగి రేవు పేరు పెట్టి, అక్కడ ‘కోరంగీ’లనిరి. భోగాపురమువాడు కోరంగిని కలలోనైన చూచి యుండడు. అయినను రంగములో దిగినంతనే కోరంగీ యయ్యెను.

వీరిని చేరవేసినది బ్రిటిష్ ఇండియా స్టీమరు కంపెనీ. 1856లో కలకత్తాకును బర్మాకును నడుమ ఓడలు నడుపుటకై పుట్టి, 1862లో ఈ పేరు దాల్చిన ఆ సంస్థయొక్క పొగయోడలు కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, గోపాలపురములయొద్ద ఆగి జనమును ఎక్కించుకొనెడివి. ఆగుటయన ఒడ్డునకు వచ్చుట కాదు. మెరక భయమున ఓడ దూరమున లంగరు దించి నిలిచెడిది. ఓడకును ఇసుకకును నడుమ నున్న ఆ కొద్దిపాటి నీటిని దాటించునది మసూలా పడవ. ఇనుప మేకొకటి లేకుండ, పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టి చేయు పడవ యది. మేకులు కొట్టిన బిగువైన పడవ కెరటపు దెబ్బకు నేలను తాకి బ్రద్దలగును గాని, కుట్టుపడవ వంగి, ఆ దెబ్బను మ్రింగి, మరల లేచును. పడవనాయకుడగు తండేలు వెనుక నిలిచి కెరటముల వరుసను కనిపెట్టి, రెంటి నడుమ సందు దొరకినప్పుడు కేక వేయును. తెడ్లవారు ఒక్క ఊపున లాగుదురు. అది తప్పినచో పడవయు, మూటలును, మనుష్యులును ఇసుకమీదికి తిరిగి వచ్చిపడుదురు. ఓడ ప్రక్కకు చేరిన పిమ్మట మరియొక పరీక్ష: పడవ కెరటముతో పైకెగసిన క్షణముననే నిచ్చెన నందుకొనవలెను. బంగాళాఖాతమును దాటుటకు పట్టునది మూడు నాలుగు దినములే. కాని ప్రయాణములో గండమంతయు ఇంటి యెదుటి ఈ కొద్ది నీటిలోనే యుండెడిది.

ఎక్కిన పిదప దొరకునది డెక్కు. గది లేదు, మంచము లేదు. చాప పరచినంత చోటే స్వంతము. అటుకులు, బెల్లము, ఊరగాయ మూటలో నుండును. 1915లో డెక్కు ప్రయాణికుడై రంగూనునకు పోయిన గాంధీజీ, ఆ ఓడమీది స్నానపు తావును మరుగుదొడ్లను చూచి పడిన జుగుప్సను తన ఆత్మకథలో దాచక వ్రాసినారు. కంపెనీ నిర్లక్ష్యమునే గాక, ప్రయాణికుల అలవాట్లను గూడ ఆయన తప్పుపట్టిరి. నిలుచుటకే చోటులేని జనమును శుచి లేదని నిందించుట నాకు కొంత కఠినముగనే తోచును.

సముద్రయానము కలియుగమున వర్జ్యమని పండితులు చెప్పుచుండగా కూలీకులములవారు వినిపించుకొనలేదు; వారి బెంగ, కూలీలను కూర్చి పంపు మేస్త్రీ బాకీ. టిక్కెట్టు డబ్బు మేస్త్రీ ముందుగా పెట్టును. అక్కడి కూలిలోనుండి దానిని రాబట్టుకొనును. అందుచేత ఎక్కువగా మగవారే పోయిరి. ఆడవారును పిల్లలును ఊరిలో మిగిలిరి. కుటుంబమంతయు కలిసి ఓడమీద గడపిన కథలు ఆ కాలమున తక్కువ. ఒడ్డున నిలిచి, పొగ కనుమరుగగువరకు చూచినవారి కథలే ఎక్కువ.

1931 జనాభా లెక్కనాటికి రంగూను నగరములోని నాలుగు లక్షలమందిలో సగమునకు మించి భారతీయులే. ఆ సంఖ్యయే వారికి శత్రువైనది. 1930 మే 26న, తెలుగు రేవుకూలీల సమ్మె తీరి, వారి స్థానమున పెట్టుకొన్న బర్మీయులను తొలగింపగా చెలరేగిన కొట్లాటలో మనవారు పెక్కండ్రు చనిపోయిరి. 1937లో బర్మా భారతదేశమునుండి వేరుపడెను. 1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. ఓడ దొరకనివారు అరకాను కొండలమీదుగాను, మణిపురము దారిగాను నడచి వచ్చిరి; రాలేనివారు త్రోవలోనే రాలిరి. 1942 ఏప్రిలు 6న విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు పడినప్పుడు, ఆ చప్పుడు క్రొత్త గానివారు ఇక్కడ కొందరు ఉండి యుందురు.

ఇంటిల్లిపాది ఓడ యెక్కుట 1964లో పెద్దయెత్తున జరిగినది, అదియు తిరిగి వచ్చుటకే. నే విన్ సైనిక ప్రభుత్వము అంగళ్ళను జాతీయము చేసి, ఏబది, నూరు క్యాట్ల నోట్లను రద్దుచేయగా, బర్మాలోనే పుట్టి పెరిగిన పిల్లలతో తల్లిదండ్రులు ఓడలమీద మద్రాసునకును విశాఖపట్టణమునకును చేరిరి. విశాఖలో కంచరపాలెము చేరువ బర్మాక్యాంపు అను పేటపేరు వారి గుర్తు. ఆ పిల్లలు ‘స్వదేశము’ను మొదటిసారి చూచినది ఓడ కటకటాలనుండి.

నాటికి మసూలా పడవలతో పనిలేదు. 1933 అక్టోబరు 7న జలదుర్గ యను ఓడ విశాఖ నౌకాశ్రయములోనికి వచ్చినది మొదలు భీమునిపట్టణపు గోగునార వ్యాపారమును ప్రయాణికులును అటు మరలిరి. 2022 జూనులో అదే విశాఖ రేవునకు ఎంప్రెస్ అను విహారనౌక వచ్చెను. 1990లో యాత్రలు మొదలుపెట్టి, కొన్నేండ్లు మధ్యధరా తీరదేశమగు స్పెయినునకు చెందిన కంపెనీ చేతిలో నడచిన ఓడ యది. ఈత కొలను, నాటకశాల కలవు. మన కుటుంబములు చక్రముల పెట్టెలను లాగుకొనుచు, తడి తగులకుండ దాని నెక్కి పుదుచ్చేరికిని చెన్నైకిని పోయి వచ్చిరి. మరుసటి యేడు మే 3న భోగాపురము పొలములలో అల్లూరి సీతారామరాజు పేర విమానాశ్రయమునకు శంకుస్థాపన జరిగెను. ఆ విమానాశ్రయమునకు తూర్పున, ముక్కాము ఒడ్డున, తండేలు ఇప్పటికిని కెరటముల నడుమ సందును కనిపెట్టియే పడవను లోనికి త్రోయుచున్నాడు. పడవ మాత్రము ఫైబరుది, వెనుక మోటారు బిగించినది.