బొగ్గుబాయి మాటలు – పొల్లు సమస్య: అచ్చు నుంచి ఈ-పుస్తకం వరకు

సింగరేణి ప్రాంత సాహిత్యం ఈ-పుస్తకరూపం పొందే క్రమంలో తలెత్తే చిక్కులను కేవల సాంకేతిక విషయాలుగా భావించి డీటీపీ నిపుణులకు వదిలివేయడం పరిపాటి. వాటిలో ఒకటి మాత్రం నేరుగా పాఠపరిష్కరణకు, మాండలిక పరిశోధనకు సంబంధించినది. అది పదాంతంలో నిలిచే పొల్లు.

1871లో విలియం కింగ్ ఇల్లెందు పరిసరాల్లో బొగ్గు నిక్షేపాలను గుర్తించిన తరువాత గోదావరి లోయలో గనులు ఒక్కొక్కటిగా విస్తరించాయి. బెల్లంపల్లిలో తవ్వకాలు 1927లో మొదలయ్యాయి. గనితోపాటు దాని పరిభాష కూడా వచ్చింది. మస్టర్, సర్దార్, ఓవర్‌మన్, కోల్‌కట్టర్, షాట్‌ఫైరర్, హాలర్ వంటి మాటలు బొగ్గుబాయిలో నిత్యవ్యవహారమైనవి. తెలుగు సహజంగా అజంత భాష. కాబట్టి ఇవే మాటలు మస్టరు, సర్దారు అనే రూపాల్లోనూ వినిపిస్తాయి. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటి రచయితలు చిత్రించిన కార్మిక జీవితాన్ని భాషాపరంగా పరిశీలించే వారికి, ఒక పాత్ర నోట హలంత రూపం ఉందా, అజంత రూపం ఉందా అన్నది చిన్న విషయం కాదు. అది ఆ పాత్ర చదువును, హోదాను, కథకుడి దూరాన్ని సూచించే అవకాశం ఉంది.

చేతి కూర్పు కాలంలో పొల్లును కంపోజిటరు కంటితో చూసి, చేతితో ఎంచి పెట్టేవాడు. డీటీపీ వచ్చాక పేజ్‌మేకర్, అను ఫాంట్ల జంట తెలుగు ప్రచురణ రంగాన్ని దీర్ఘకాలం ఏలింది. ఆ ఫాంట్లలో రోమన్ అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు లిపి ముక్కలు కూర్చుంటాయి. తలకట్టు, గుడి, ఒత్తు, పొల్లు కంటికి కనిపించే తీరులోనే నిల్వ అవుతాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో పుస్తకం తెరిస్తే అర్థంలేని రోమన్ అక్షరాల గుంపు ప్రత్యక్షమవుతుంది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణం తెలుగుకు 128 స్థానాల గడిని కేటాయించింది. అందులో నిల్వ అయ్యేది అక్షరాకృతి కాదు, వర్ణక్రమం. ఆకృతిని తీర్చే పని ఫాంటుది.

అసలు చిక్కు ఇక్కడ పుట్టింది. యూనికోడ్‌లో పొల్లు తరువాత హల్లు వస్తే అవి రెండూ కలిసి సంయుక్తాక్షరం అవుతాయి. కలవకుండా ఆపాలంటే వాటి నడుమ కంటికి కనిపించని ఒక సంకేతం (200సి సంఖ్య గలది) ఉండాలి. పాత ఫాంటులో ‘కోల్‌కట్టర్’ అన్న మాటకు పొల్లు ముక్క విడిగా ఉంటుంది, ఒత్తు ముక్క విడిగా ఉంటుంది. రూపాంతర సాధనం పొల్లును పొల్లుగానే మార్చి ఆ అదృశ్య సంకేతాన్ని చేర్చకపోతే ‘కోల్కట్టర్’ అవుతుంది. ‘మస్టర్‌లో’ అన్నది ‘మస్టర్లో’ అవుతుంది. ప్రామాణికం కాదని నిందలు మోసిన పాత ఫాంటు రచయిత ఉద్దేశాన్ని భద్రపరచగా, ప్రామాణిక సంకేత వ్యవస్థలోకి వచ్చే దారిలో అది జారిపోయిందన్నమాట.

ఇది కేవలం కంటికి ఇంపు లేకపోవడం కాదు. ‘మస్టర్లో’ అని కలిపి రాసే రచయితలూ ఉన్నారు. మారిన ప్రతిలో ఆ రూపం కనబడినప్పుడు అది రచయితదో, యంత్రానిదో తేల్చే ఆధారం ఉండదు. పీడీఎఫ్ నుంచి పాఠాన్ని వెలికితీసినప్పుడు పరిస్థితి మరింత దిగజారుతుంది. పంక్తి చివర విరిగిన మాట మధ్యలో ఖాళీ చేరుతుంది. అప్పుడు ఒకే మాట ‘ఓవర్‌మన్’, ‘ఓవర్మన్’, ‘ఓవర్ మన్’ అని మూడు రూపాల్లో దొరుకుతుంది. పదసూచి తయారుచేసే కంప్యూటరుకు అవి మూడు వేర్వేరు నమోదులు. తెలుగు సున్న అంకె (౦), పూర్ణానుస్వారం (ం) చూపుకు ఒకటే అయినా సంకేతాలు వేరు కావడం ఇదే కోవలోని మరో ఉచ్చు.

ఆ అదృశ్య సంకేతం ఎంత బరువైనదో 2018 ఫిబ్రవరిలో లోకానికి తెలిసింది. ‘జ్ఞా’ అక్షరంలో దీర్ఘానికి ముందు అది చేరిన ఒక కూర్పును చూపబోయి ఆపిల్ ఫోన్లలోని అనువర్తనాలు కుప్పకూలాయి. సంస్థ సవరణను విడుదల చేయవలసి వచ్చింది. తెలుగు లిపి అంతర్జాతీయ వార్త అయిన అరుదైన సందర్భాల్లో ఇదొకటి కావడం విచిత్రమే.

ఈ-పుస్తక రూపాల చరిత్ర కూడా సమస్యను పెంచింది. పీడీఎఫ్ పుటను స్థిరంగా ఉంచుతుంది గనుక పాత ఫాంటుతోనే గడిచిపోయింది. 2007లో ప్రమాణమైన ఈపబ్ రూపంలో తెర పరిమాణాన్ని బట్టి పాఠం సర్దుకుంటుంది. అందుకు నిజమైన యూనికోడ్ పాఠం అవసరం. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో ఐదు భారతీయ భాషల పుస్తకాలను ప్రవేశపెట్టినప్పుడు తెలుగు ఆ జాబితాలో లేదు. దానితో పుటరూపాన్ని వదిలిపెట్టాలన్న ఒత్తిడి తెలుగు ప్రచురణకర్తలపై అంతగా పడలేదు.

పరిష్కారానికి కావలసిన సమాచారం పాత పేజ్‌మేకర్ దస్త్రాల్లోనే ఉంది. పొల్లు ముక్క వెంటనే హల్లు వస్తే అదృశ్య సంకేతాన్ని చేర్చాలి, ఒత్తు ముక్క వస్తే చేర్చకూడదు. ఈ ఒక్క నియమాన్ని యంత్రమే పాటించగలదు. తరువాత ‘శుభ్రపరచడం’ పేరుతో అదృశ్య సంకేతాలన్నింటినీ తొలగించే దశను రూపాంతర క్రమం నుంచి తీసివేయాలి. ఇంగ్లీషు పాఠానికి హాని చేయని ఆ దశ తెలుగు పాఠాన్ని దెబ్బతీస్తుంది. దస్త్రం పోయి అచ్చుప్రతి మాత్రమే మిగిలినచోట, గని పదాలను ముందుగా జాబితాగా రాసుకొని, వాటి ప్రతి ప్రయోగాన్నీ అచ్చుపుటతో సరిచూడవలసిందే. డీటీపీ దస్త్రాలున్న డిస్కులు, సీడీలు ఏళ్లు గడిచేకొద్దీ చదవడానికి వీలుకాకుండా పోతున్నాయి. కనుక వాటి సేకరణ రూపాంతరం కన్నా ముందు జరగవలసిన పని.