బడి ల్యాప్‌టాప్ ఇల్లు చేరిన తీరు
అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, గవర్నర్ ఆంగస్ కింగ్ 2000లో ప్రతిపాదించిన పథకం మేరకు, 2002లో ప్రభుత్వ బడుల ఏడో తరగతి విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు అందజేసి, వాటిని ఇంటికి పంపే నిర్ణయాన్ని స్థానిక పాఠశాలలకే విడిచిపెట్టింది. బడి నెట్‌వర్క్‌లో మాత్రమే పనిచేసే ఫిల్టర్, అంటే హానికర దృశ్యాలను అడ్డుకునే వడపోత ఏర్పాటు, ఇంటి ఇంటర్నెట్‌కు వర్తించదు గనుక అక్కడి పర్యవేక్షణ తల్లిదండ్రుల బాధ్యత అయింది.

అయితే ముప్పు బయటినుంచే రాదని పెన్సిల్వేనియాలోని లోయర్ మెరియన్ పాఠశాలల ఉదంతం 2010లో చాటింది. పోయిన యంత్రాల జాడ తీసేందుకు బడి ల్యాప్‌టాప్‌లలో అమర్చిన సాఫ్ట్‌వేర్ విద్యార్థుల ఇళ్లలోనూ ఫొటోలు తీసిందని వెల్లడై, వ్యవహారం కోర్టుకెక్కి, 6,10,000 డాలర్ల రాజీ ఒప్పందంతో ముగిసింది. బిడ్డ చేతికిచ్చే యంత్రం ఏమేమి గమనిస్తుందో తల్లిదండ్రులకు ముందే తెలియజెప్పడం పాఠశాలల కనీస ధర్మమని ఈ చరిత్ర నిరూపిస్తోంది.