కత్తెర పడని చీర

1947 ఫిబ్రవరి 12న పారిస్‌లోని అవెన్యూ మోంతేన్‌లో, 30వ నంబరు భవనంలో క్రిస్టియన్ దియోర్ తన మొదటి కలెక్షన్ చూపించాడు. జారుడు భుజాలు, బిగించిన నడుము, కింద పువ్వులా విచ్చుకున్న స్కర్టు. ఆ తీరుకు ఆయన పెట్టిన పేరు కొరోల్. హార్పర్స్ బజార్ సంపాదకురాలు కార్మెల్ స్నో అన్న ‘న్యూ లుక్’ అనే మాటే లోకంలో నిలిచింది. యుద్ధకాలపు రేషన్ ఇంకా తీరని రోజుల్లో ఒక్కో స్కర్టుకు అంత గుడ్డ వాడడమేమిటని మండిపడ్డవాళ్లూ ఉన్నారు. డబ్బు పెట్టింది నూలు మిల్లుల ఆసామి మార్సెల్ బూసాక్. ఆ కలెక్షన్‌లోని ‘బార్’ కోటును చూస్తే పనితనం తెలుస్తుంది: తుంటి దగ్గర లోపల మెత్తలు పెట్టి, నడుము మరీ సన్నగా ఆనేట్టు కుట్టారు. ఒంటిని గుడ్డే మలిచింది.

అప్పటికి మన తెలంగాణ హైదరాబాద్ రాజ్యంలోది. ఫ్రెంచి పనితనంతో ఆ రాజ్యానికి చుట్టరికం దియోర్‌కు ముందే కలిసింది. 1931 నవంబరులో ఏడో నిజాం రెండో కొడుకు మొఅజ్జం జా ఫ్రాన్సులోని నీస్‌లో ఒట్టోమన్ రాజవంశపు నీలోఫర్‌ను పెళ్లాడాడు. ఇస్తాంబుల్‌లో పుట్టిన ఆ కోడలు చీరకట్టుకు మారి, ఫ్రాన్సులో ఎంబ్రాయిడరీ చేయించిన చీరలు కట్టింది. వాటిలో కొన్ని న్యూయార్క్‌లోని ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ మ్యూజియంలో ఉన్నాయి. కుట్టు ఫ్రెంచిది, కట్టు మనది. ఆ చీరలు నాకు దియోర్ కోటుకన్నా గొప్పగా తోస్తాయి: పారిస్ చేయి పడ్డా చీర చీరగానే ఉంది.

దియోర్ తీరు అలా నిలవలేదు. 1954లో ‘హెచ్’ లైన్, 1955లో ‘ఏ’ లైన్ అంటూ ఆయనే దాన్ని మార్చుకుంటూ పోయాడు. 1957లో ఆయన పోయాక, మరుసటి ఏడాది ఆయన శిష్యుడు ఈవ్ సాన్ లొరాన్ ట్రపీజ్ పేరుతో నడుమును పూర్తిగా వదులు చేశాడు.

మన చీరకు రూపం మారాలంటే కత్తెర అక్కర్లేదు. తెలంగాణలో పొలం పనికి పోయే ఆడవాళ్లు కుచ్చిళ్లను కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీసి నడుము దగ్గర దోపితే గోచీకట్టు అవుతుంది. వంగడానికి, గట్లు దాటడానికి, నెత్తిన మోపు ఎత్తడానికి అడ్డం రాదు. నీలోఫర్ చీరలకు దక్కిన శ్రద్ధ ఈ కట్టుకూ దక్కాలి. ఏ ఊళ్లో ఎన్ని గజాల చీర, దోపు ఎక్కడ, కొంగు ఎటు అన్నది, కట్టడం తెలిసిన పెద్దమ్మలు ఉండగానే బొమ్మలతో సహా రాసి పెట్టాలి.